ప్రొఫెసర్ల సైటేషన్ లెక్కలు: ఒక రంగం కొలతతో మరో రంగాన్ని కొలిస్తే వచ్చే చిక్కు

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలలు వచ్చేసరికి తెలుగు పత్రికల్లో ఒక తరహా వార్త కనిపిస్తుంది. ప్రపంచంలో అత్యుత్తమ 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో మన యూనివర్సిటీ అధ్యాపకులు ఇంతమందికి చోటు దక్కిందని ఫొటోలతో సహా వేస్తారు. కెమిస్ట్రీ, మెటీరియల్ సైన్స్, ఫార్మసీ, ఇంజినీరింగ్ శాఖల పేర్లు అందులో తరచుగా ఉంటాయి. గణితం పేర్లు తక్కువ. తెలుగు, చరిత్ర శాఖల పేర్లు కనిపించడం చాలా అరుదు. ఇది చూసిన విద్యార్థికి, తల్లిదండ్రులకు సహజంగానే ఒక అనుమానం వస్తుంది. ఆ శాఖల్లో మంచి పరిశోధన జరగడం లేదా? ఒకరికి 12,000 సైటేషన్లు, పక్క శాఖలో ఇంకొకరికి 300 ఉంటే మొదటివారు నలభై రెట్లు గొప్ప పరిశోధకులని అనుకోవాలా?

క్లుప్తంగా: ఒక పరిశోధకుడి పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ప్రస్తావించారన్నదే సైటేషన్ లెక్క. ఈ అంకెలో ఆ వ్యక్తి పని ఎంత ఉంటుందో, ఆ రంగం అలవాట్లు కూడా దాదాపు అంతే ఉంటాయి. పేపరు చివర ఎన్ని రిఫరెన్సులు ఇస్తారు, ఎంత త్వరగా ఇస్తారు, ఎంతమంది కలిసి రాస్తారు, రాసింది డేటాబేసులోకి ఎక్కుతుందా లేదా అన్నవి రంగానికో రకంగా ఉంటాయి. ఒకే రంగంలో, ఒకే వయసు పరిశోధకుల మధ్య పోలికకు ఈ అంకెలు కొంత పనికొస్తాయి. రంగాలు మారితే సరిచేయని అంకెకు అర్థం ఉండదు. సరిచేసిన అంకెకు కూడా పరిమితులున్నాయి.

వెతుకులాట కోసం పుట్టిన లెక్క

సైటేషన్ల సూచిక ఆలోచన 1955లో అమెరికన్ యూజీన్ గార్ఫీల్డ్ సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంతో శాస్త్రలోకం దృష్టికి వచ్చింది. అప్పటికే అమెరికా లాయర్లకు ఇలాంటి సదుపాయం ఒకటి ఉండేది. ఒక పాత తీర్పును తర్వాతి కోర్టులు ఎక్కడెక్కడ ఉదహరించాయో, సమర్థించాయో, కొట్టేశాయో చూపించే షెపర్డ్స్ అనే సూచిక 1873 నుంచి వాడుకలో ఉంది. గార్ఫీల్డ్ ఆ పద్ధతినే సైన్సుకు తెచ్చారు. ఫిలడెల్ఫియాలోని ఆయన సంస్థ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఒక పేపరు దొరికితే, దాని మీద ఆధారపడి తర్వాత ఎవరెవరు ఏం చేశారో వెంట వెంట చూసుకుంటూ పోవచ్చు. లైబ్రరీలో కూర్చుని వెతుక్కునే పరిశోధకుడికి అది పెద్ద సాయం.

ఎన్నిసార్లు ప్రస్తావించారన్న అంకె ఈ సూచిక నుంచి ఊరికే వచ్చిన ఉప ఉత్పత్తి. ఆ అంకెతో ముందు జర్నళ్లను కొలిచారు. అదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. 1975 నుంచి జర్నళ్ల వారీగా ప్రచురిస్తున్న ఈ లెక్క చెప్పేది ఒక్కటే. గడచిన రెండేళ్లలో ఒక జర్నల్ వేసిన పేపర్లకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయి? ఏ జర్నల్‌కు చందా కట్టాలో తేల్చుకోవడానికి లైబ్రరీలకు ఇది పనికొచ్చేది. తర్వాత తర్వాత అదే అంకెను ఆ జర్నల్లో రాసిన మనిషికి తగిలించడం మొదలైంది. చిక్కు అక్కడ మొదలైంది. ఏ జర్నల్లోనైనా సైటేషన్లలో ఎక్కువ భాగం కొద్ది పేపర్లకే వస్తాయి. చాలా పేపర్లు ఆ సగటు కన్నా కిందనే ఉంటాయి. కాబట్టి జర్నల్ సగటు చూసి అందులోని ఒక పేపరు విలువ చెప్పడం కుదరదు.

2004 నవంబరులో పేపర్లనూ వాటి సైటేషన్లనూ ఆన్‌లైన్‌లో చూపించే స్కోపస్, గూగుల్ స్కాలర్ రెండూ వచ్చాయి. లైబ్రరీ మెట్లెక్కకుండానే ఎవరి లెక్క ఎంతో ఇంటి నుంచే చూసే వీలు దొరికింది. మరుసటి ఏడాదే ఈ సైటేషన్లను ఒకే అంకెగా కుదించే సూత్రం కూడా వచ్చింది.

హెచ్-ఇండెక్స్: ఒక్క అంకెలో జీవితకాలం

2005లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో క్యాంపస్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించారు. సూత్రం సులభం. ఒకరి పేపర్లను సైటేషన్ల ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు పేర్చాలి. 50, 20, 9, 6, 5, 2 అని ఉన్నాయనుకుందాం. అయిదో పేపరుకు అయిదు సైటేషన్లున్నాయి, ఆరో దానికి ఆరు లేవు. అంటే హెచ్-ఇండెక్స్ 5. కనీసం అయిదు పేపర్లకు ఒక్కోదానికి అయిదేసి సైటేషన్లున్నాయని దాని అర్థం.

ఇంకొకరి లెక్క 900, 700, 4, 3 అని ఉంటే హెచ్-ఇండెక్స్ 3 మాత్రమే. రంగాన్నే మలుపు తిప్పిన రెండు పేపర్లు ఆ మూడులో కనబడకుండా పోతాయి. నిలకడగా చాలా పేపర్లు రాసేవారికి ఈ కొలత అనుకూలం. ఎప్పుడో ఒకసారి గొప్ప పని చేసేవారికి ప్రతికూలం. పైగా ఇది పెరగడమే గానీ తగ్గదు. రిటైరైన తర్వాత ఒక్క అక్షరం రాయకపోయినా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి పాతికేళ్ల సర్వీసున్న ప్రొఫెసర్‌నూ అయిదేళ్ల కిందట పీహెచ్‌డీ వచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌నూ దీంతో పోల్చకూడదు.

రంగాల తేడా గురించి హిర్ష్ తొలి వ్యాసంలోనే ఉంది. భౌతిక శాస్త్రంలో ఆయన చూసినవారిలో అగ్రస్థానం ఎడ్వర్డ్ విట్టెన్‌ది, హెచ్-ఇండెక్స్ 110. జీవశాస్త్రాల్లో అగ్రస్థానం సాలమన్ స్నైడర్‌ది, 191. జీవశాస్త్రాల్లో ఈ అంకెలు బాగా ఎక్కువగా ఉంటాయని హిర్ష్ అక్కడే చెప్పారు. గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ గెలిచిన ఏకైక భౌతిక శాస్త్రవేత్త విట్టెన్. 110కీ 191కీ మధ్య తేడా ఆ ఇద్దరి ప్రతిభలో తేడా అని ఎవరూ అనరు. ఆ హెచ్చరిక ఉన్న వ్యాసంలోని సూత్రాన్నే తీసుకుని, హెచ్చరికను వదిలేసి, ఇంటర్వ్యూ బోర్డుల్లో అన్ని శాఖలకూ కలిపి వాడుతుండటమే ఇప్పటి సమస్య.

రంగాన్ని బట్టి అంకె ఎందుకు మారుతుంది

ఒక పేపరుకు వచ్చే ప్రతి సైటేషనూ ఎవరో తమ పేపరు చివర ఇచ్చిన రిఫరెన్సే. ఇచ్చేవాళ్లు ఎక్కువ ఇస్తేనే పుచ్చుకునేవాళ్లకు ఎక్కువ అందుతుంది. బయాలజీ, మెడిసిన్ పేపర్లలో పొడవైన రిఫరెన్సు జాబితాలు మామూలే. గణితంలో నలభై పేజీల నిరూపణకు కూడా చిన్న జాబితా సరిపోతుంది, ఎందుకంటే తాను నిజంగా వాడుకున్న సిద్ధాంతాలను మాత్రమే అక్కడ పేర్కొంటారు. జీవశాస్త్రంలో నేపథ్యం, పద్ధతి, తమతో ఏకీభవించే ఫలితాలు, విభేదించే ఫలితాలు అన్నీ చెప్పాలి. ఇది ఒక రంగం గొప్పా ఇంకోటి తక్కువా అన్న విషయం కాదు, రాసే మర్యాద వేరు. వరి దిగుబడినీ మిర్చి దిగుబడినీ ఎకరాకు ఇన్ని క్వింటాళ్లని పక్కపక్కన రాసి, వరి రైతే మంచి రైతని తేల్చడం ఎలా ఉంటుందో, సైటేషన్లతో రంగాల పోలిక అలాగే ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రంగం పెద్దది కాబట్టి సైటేషన్లు ఎక్కువ అనుకుంటారు. లెక్క వేసి చూస్తే అది సగమే నిజం. ఒక చిన్న రంగంలో ఏడాదికి 1,000 పేపర్లు వస్తాయని, ఒక్కోదానిలో అదే రంగానికి చెందిన 30 రిఫరెన్సులు ఉంటాయని అనుకుందాం. మొత్తం 30,000 సైటేషన్లు, సగటున పేపరుకు 30. పెద్ద రంగంలో 10,000 పేపర్లు, అవే 30 రిఫరెన్సులు అయితే మొత్తం 3,00,000. కానీ పంచుకునే పేపర్లూ పదింతలు. సగటు మళ్లీ 30. సగటును నిర్ణయించేది జాబితా పొడవు, రంగం పరిమాణం కాదు. గార్ఫీల్డ్ కూడా ఈ సంగతిని పదేపదే చెప్పారు. రంగం పెద్దదైతే మారేది శిఖరం ఎత్తు. బాగా పేరు పడ్డ పేపరుకు పెద్ద రంగంలో వేలల్లో సైటేషన్లు రావచ్చు, చిన్న రంగంలో అంతమంది రాసేవాళ్లే ఉండరు.

పరిమాణం కన్నా పెరుగుదల ఎక్కువ ప్రభావం చూపుతుంది. వేగంగా పెరిగే రంగంలో ఈ ఏడాది రాసేవాళ్లు చాలామంది, వాళ్లు ప్రస్తావించడానికి పాత పేపర్లు కొద్ది. దాంతో ఆ కొద్ది పేపర్లకు సైటేషన్లు వచ్చి పడతాయి. 2020లో కోవిడ్ మీద తొలి నెలల్లో వచ్చిన పేపర్లకు జరిగింది ఇదే. మెషిన్ లెర్నింగ్‌లో కూడా కొన్నేళ్లుగా ఇదే జరుగుతోంది. నిదానంగా నడిచే రంగంలో అంతే మంచి పేపరుకు ఆ ఊపు దొరకదు.

వేగం సంగతి మరొకటి. బయోమెడికల్ పేపరును ప్రస్తావించేవాళ్లు ఏడాది రెండేళ్లలోనే మొదలుపెడతారు. గణితంలో పేపరు అచ్చులోకి రావడానికే ఏళ్లు పట్టవచ్చు, దాన్ని ఇంకొకరు చదివి వాడుకోవడానికి మరికొన్నేళ్లు. పదేళ్లకు పైబడిన పేపర్లను ప్రస్తావించడం అక్కడ మామూలు విషయం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రెండేళ్ల కిటికీలోంచి చూస్తుంది కాబట్టి గణితం అందులో చాలా తక్కువగా కనిపిస్తుంది. గణితంలో అత్యంత గౌరవం పొందిన పత్రికల్లో ఒకటైన ఆనల్స్ ఆఫ్ మేథమెటిక్స్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అయిదు చుట్టుపక్కల ఉంటుంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వారి సీఏ: ఎ క్యాన్సర్ జర్నల్ ఫర్ క్లినీషియన్స్ పత్రికది ఇటీవలి సంవత్సరాల్లో కొన్ని వందల్లో ఉంది, ఏటా అందులో వచ్చే క్యాన్సర్ గణాంకాల వ్యాసాన్ని ఆ రంగంలో రాసేవాళ్లు చాలామంది ప్రస్తావిస్తారు కాబట్టి.

గ్రిగరీ పెరెల్మన్ ఉదాహరణ ఈ తేడాను ఇంకా దూరం తీసుకెళ్తుంది. వందేళ్లుగా తెగని పాంకరే ఊహ అనే గణిత సమస్యకు తన నిరూపణను ఆయన 2002, 2003 సంవత్సరాల్లో మూడు భాగాలుగా ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టారు. ఏ జర్నల్‌కూ పంపలేదు. ఇతర గణితజ్ఞులు దాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి సరైనదేనని తేల్చారు. 2006లో ఫీల్డ్స్ మెడల్ ప్రకటిస్తే ఆయన తీసుకోలేదు. స్కోపస్ జర్నల్లో ఇన్ని పేపర్లుండాలన్న నిబంధన పెడితే ఆ మూడు రచనలకూ సున్నా మార్కులే.

కలిసి రాసేవాళ్ల సంఖ్య ఇంకో పెద్ద తేడా. 2015లో సెర్న్ ప్రయోగశాలలోని రెండు బృందాలు హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై ప్రచురించిన పేపరుకు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు రచయితల, సంస్థల పేర్లే. ఆ పేపరుకు వచ్చే ప్రతి సైటేషనూ మామూలు లెక్కలో 5,154 మంది ఖాతాల్లో పూర్తిగా ఒక్కొక్కటిగా పడుతుంది. ఒంటరిగా రాసే చరిత్రకారుడి సైటేషన్‌కూ దీనికీ డేటాబేసులో తేడా లేదు. వాటాలు వేసి లెక్కించే పద్ధతులు ఉన్నాయి. ప్రొఫైల్ పేజీల్లో కనిపించే అంకె మాత్రం వాటా వేయనిదే.

సుబ్బారావు పద్ధతి, రావు సిద్ధాంతం

ఒకే రకం గొప్ప పనికి సైటేషన్లు రెండు రకాలుగా ఎలా పడతాయో ఇద్దరు తెలుగు శాస్త్రవేత్తల పేపర్లు చూపిస్తాయి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు మార్పు ద్వారా కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా దాన్ని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు. ఆ పద్ధతి వాడిన ప్రతి ప్రయోగశాలా తన పేపరులో దాన్ని పేర్కొనాలి. దాంతో బయోకెమిస్ట్రీలో బాగా ఎక్కువగా ప్రస్తావనలు పొందిన పాత పేపర్లలో అదొకటైంది. ఇది పద్ధతి పేపర్లకున్న సహజమైన అనుకూలత. ఇదే కోవలో ప్రొటీన్‌ను కొలిచే పద్ధతిపై 1951లో వచ్చిన లోరీ బృందం పేపరు అన్ని రంగాల్లోకీ అగ్రస్థానంలో ఉందని 2014లో నేచర్ పత్రిక లెక్కగట్టింది. దానికి అప్పటికి 3,05,000కు పైగా సైటేషన్లు. డీఎన్ఏ నిర్మాణాన్ని బయటపెట్టిన 1953 నాటి పేపరు, అత్యధిక సైటేషన్లున్న వంద పేపర్లతో నేచర్ వేసిన ఆ జాబితాలోనే లేదు.

రెండో పేపరు కల్యంపూడి రాధాకృష్ణ రావుది. ఆంధ్ర విశ్వకళాపరిషత్‌లో గణితం చదువుకుని కలకత్తా వెళ్లిన సి.ఆర్. రావు, 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపరు రాశారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదన్న దానికి దిగువ హద్దును చూపే క్రామెర్–రావు అసమానత, ఉన్న అంచనాను మెరుగుపరిచే రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం, సమాచార జ్యామితికి బీజాలు ఆ ఒక్క పేపరులోనే ఉన్నాయి. 2023లో గణాంక శాస్త్ర అంతర్జాతీయ బహుమతి ఆయనకు ఇచ్చినప్పుడు నిర్వాహకులు ఎత్తి చెప్పింది కూడా 78 ఏళ్ల నాటి ఆ పేపరునే. అదే సంవత్సరం ఆగస్టులో 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

రాడార్ సిగ్నల్స్ నుంచి మెడికల్ ఇమేజింగ్ వరకు ఈ అసమానతను రోజూ వాడతారు. కానీ వాడేవాళ్లలో చాలామంది 1945 నాటి పేపరును రిఫరెన్సుగా ఇవ్వరు. క్రామెర్–రావు అని పేరు చెప్పి ముందుకు పోతారు, లేదా ఏదో ఒక పాఠ్యపుస్తకాన్ని పేర్కొంటారు. ఒక ఆలోచన అందరి సొత్తుగా మారిపోయినప్పుడు దాని మూలానికి సైటేషన్లు ఆగిపోతాయని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ గుర్తించారు. ప్రభావం శిఖరానికి చేరిన చోట లెక్క పడిపోతుంది. పైగా ఆ పేపరు అచ్చయింది ఇప్పటి వాడుక మాటలో హై ఇంపాక్ట్ జర్నల్ కాదు, కలకత్తా సొసైటీ పత్రిక. ఇప్పటి ప్రమోషన్ పట్టికలో దానికి ఎన్ని పాయింట్లు వస్తాయన్నది ఆలోచించదగ్గ విషయం.

పుస్తకాలు రాసేవారి పరిస్థితి

సాహిత్యం, చరిత్ర, భాషాశాస్త్రాల్లో ప్రధాన ఫలితం పుస్తకం. సైటేషన్ డేటాబేసులు మొదట జర్నళ్ల కోసం కట్టినవి. పుస్తకాలను తర్వాత చేర్చినా, అందులో ఇంగ్లీషుదే పైచేయి. ఒక పుస్తకానికి పదిహేనేళ్లు పడితే, ఆ పదిహేనేళ్లూ ప్రొఫైల్‌లో ఖాళీగానే కనిపిస్తాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి విషయమే చూద్దాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైస్ చాన్సలర్‌గా చేసిన ఈ భాషాశాస్త్రవేత్త తెలుగు ధాతువుల మీద 1961లో, ద్రావిడ భాషలన్నిటి మీద 2003లో ఇంగ్లీషులో తెచ్చిన గ్రంథాలు అంతర్జాతీయంగా ప్రామాణికాలు. వాటికి సైటేషన్లు దొరుకుతాయి. వ్యవసాయ వృత్తి పదాలను ఊరూరా సేకరించి ఆయన తెలుగులో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం సంగతి వేరు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన ఆ కోశం రైతుల నోట ఉన్న మాటలను జిల్లాల వారీగా భద్రపరిచింది. భారతీయ భాషల్లో వృత్తి పదాల సేకరణకు అదొక నమూనా. దాన్ని వాడుకున్న తెలుగు పరిశోధకులు తెలుగులో రాశారు, తెలుగు పత్రికల్లో రాశారు. ఆ పత్రికలు స్కోపస్‌లో లేవు కాబట్టి ఆ ప్రస్తావనలు ఎక్కడా లెక్కకు రావు. ఒకే పండితుడి రెండు పనుల్లో ఒకటి కనిపించి ఇంకొకటి కనిపించకపోవడానికి ఉన్న ఒకే కారణం భాష.

సురవరం ప్రతాపరెడ్డి, మల్లంపల్లి సోమశేఖర శర్మ లాంటివారి చరిత్ర పరిశోధనకూ ఇదే వర్తిస్తుంది. శాసనాలు చదివి, ఊళ్లు తిరిగి వాళ్లు పోగుచేసిన సమాచారం మీద తర్వాతి తరాలు కట్టుకుంటూ పోయాయి. ఆ రుణం ఏ డేటాబేసులోనూ నమోదు కాలేదు.

ఇంటిపేరుతో వచ్చే తలనొప్పి

లెక్క సరిగ్గా పడాలంటే ముందు ఎవరి పేపరు ఎవరిదో తేలాలి. ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా కష్టం. మన వాడుకలో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తర్వాత. డేటాబేసులు చివరి మాటనే కుటుంబం పేరనుకుంటాయి. దాంతో భద్రిరాజు ఇంటిపేరైనా జాబితాల్లో కృష్ణమూర్తి, బి. అయ్యారు. కల్యంపూడి పొడి అక్షరమై రావు, సి.ఆర్. మిగిలింది. పేరు చివర రావు, రెడ్డి, కుమార్, ప్రసాద్ ఉన్న వేలమంది ఒకే కుటుంబం పేరు కింద చేరతారు. రెడ్డి, కె. అని వెతికితే ఫార్మసీ పేపర్లూ సివిల్ ఇంజినీరింగ్ పేపర్లూ ఒకే మనిషి ఖాతాలో కలిసిపోయిన ప్రొఫైళ్లు కనిపిస్తాయి.

దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. ఒకే వ్యక్తి ఒక పేపరులో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదానిలో పొడి అక్షరంగా రాస్తే రెండు ప్రొఫైళ్లు ఏర్పడి సైటేషన్లు చీలిపోతాయి. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న మహిళా పరిశోధకుల విషయంలో ఈ నష్టం ఎక్కువ. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఈ చిక్కును చాలావరకు తీరుస్తుంది. అది ఉచితం. పీహెచ్‌డీలో చేరిన రోజే తీసుకుని, ఒకే పేరు రూపాన్ని చివరిదాకా వాడటం మంచిది. ఎవరి అంకెనైనా నమ్మేముందు ఆ ప్రొఫైల్‌లోని పేపర్లు నిజంగా వారివేనా అని ఒకసారి కిందకు చూసుకుంటే చాలా గందరగోళం తప్పుతుంది.

రంగాల తేడాను సరిచేసే పద్ధతులు

సైటేషన్లను పోల్చదగిన రూపంలోకి తేవడానికి ఒక మార్గం, పేపరుకు వచ్చిన సైటేషన్లను అదే రంగంలో, అదే ఏడాదిలో, అదే రకం పేపర్లకు ప్రపంచవ్యాప్తంగా వచ్చిన సగటుతో భాగించడం. గణితం పేపరుకు 12 సైటేషన్లు వచ్చి, ఆ రంగం సగటు 4 అనుకుంటే విలువ 3. బయాలజీ పేపరుకు 60 వచ్చి, అక్కడి సగటు 40 అయితే విలువ 1.5. విడి అంకెల్లో అయిదు రెట్లు ముందున్న పేపరు, సరిచేశాక సగానికి దిగింది. స్కోపస్ ఇచ్చే ఎఫ్‌డబ్ల్యూసీఐ (ఫీల్డ్ వెయిటెడ్ సైటేషన్ ఇంపాక్ట్) అనే కొలత ఈ సూత్రం మీదే నడుస్తుంది. 1 అంటే ప్రపంచ సగటు.

ఒకే ఒక్క పేపరుకు వేలల్లో సైటేషన్లు వస్తే మొత్తం సగటు పైకి లేస్తుంది. అందుకే నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ నిపుణులు ఇంకో కొలతకు ప్రాధాన్యమిస్తారు. ఒక సంస్థ పేపర్లలో ఎంత శాతం, తమ రంగంలో అత్యధిక ప్రస్తావనలు పొందిన 10 శాతంలో ఉన్నాయన్నది చూస్తారు. ఈ రెండింటిలో ఇదే మెరుగైనది.

అయినా రంగాలకు హద్దు గీయడం దగ్గర అసలు కష్టం మిగిలిపోతుంది. పేపరును సాధారణంగా అది వచ్చిన జర్నల్ బట్టి రంగంలో వేస్తారు. వ్యవసాయ గణాంకాల మీద పనిచేసే వ్యక్తి పేపరు ఏ పత్రికలో వచ్చిందన్నదాన్ని బట్టి ఒకసారి గణితంతో, ఒకసారి వ్యవసాయంతో పోటీ పడుతుంది. రంగం లోపల కూడా తేడాలున్నాయి. కెమిస్ట్రీలో నానో పదార్థాల మీద పనిచేసేవారికీ సిద్ధాంతపరమైన కెమిస్ట్రీ చేసేవారికీ అలవాట్లు ఒకటి కావు. ఇక పేపర్లు పదో పదిహేనో ఉన్న వ్యక్తి విషయంలో ఏ సగటూ నిలకడగా ఉండదు. ఒక్క పేపరు అటూ ఇటూ అయితే అంకె మారిపోతుంది.

2 శాతం జాబితాను ఎలా చదవాలి

మొదట్లో చెప్పిన జాబితాను స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రకటించిందని వార్తల్లో రాస్తారు. నిజానికి అది అక్కడి ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్, సహచరులు స్కోపస్ సమాచారంతో తయారుచేసిన పట్టిక. దాని పద్ధతిని 2019లో ప్లోస్ బయాలజీలో వివరించారు. యూనివర్సిటీ ఎవరినీ ఎంపిక చేయదు, ఎవరూ దరఖాస్తు పెట్టుకోరు, అది అవార్డు కాదు. శాస్త్రవేత్తలను 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడగొట్టి, ఆరు కొలతలు కలిపిన స్కోరు ఇస్తారు. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, సహరచయితల సంఖ్యను బట్టి సరిచేసిన దాని మరో రూపం, ఒంటరిగా రాసినవి, మొదటి లేదా చివరి రచయితగా రాసినవి వగైరా ఆ ఆరులో ఉంటాయి.

ఆ జాబితాలో రెండు వేర్వేరు పట్టికలున్నాయి. ఒకటి జీవితకాలపు కృషికి, ఇంకొకటి ఒక్క ఏడాదిలో వచ్చిన సైటేషన్లకు. రెండోదాంట్లో చోటు దక్కడం మొదటిదాని కన్నా చాలా తేలిక. వార్తలో ఏ పట్టికో చెప్పకపోతే ఆ వార్తకు సగం అర్థం పోతుంది. సొంత పేపర్లను తామే ప్రస్తావించుకున్న లెక్క తీసేస్తే స్థానం ఎంతన్న కాలమ్ కూడా అందులో ఉంది. ఇటీవలి పట్టికల్లో ఉపసంహరణకు గురైన పేపర్ల సమాచారమూ చేర్చారు. అది చూసేవాళ్లు తక్కువ.

ఉపరంగాల వారీగా విడగొట్టడం ఈ పట్టికలోని మంచి లక్షణం. కానీ మొదటి, చివరి రచయితకు ప్రాధాన్యం ఇవ్వడం జీవశాస్త్రాల సంప్రదాయం. అక్కడ పని చేసిన విద్యార్థి మొదట, ల్యాబ్ పెద్ద చివర ఉంటారు. గణితంలో, ఆర్థికశాస్త్రంలో పేర్లు అక్షర క్రమంలో వేస్తారు. ముగ్గురు కలిసి రాసిన గణితం పేపరులో ఇంగ్లీషు అక్షర క్రమం ప్రకారం మధ్యలో పడ్డ వ్యక్తికి, పని సమానంగా చేసినా, ఆ కొలతలో సైటేషన్లు దక్కవు.

అంకే లక్ష్యమైతే

2010లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు ఏపీఐ (అకడమిక్ పెర్ఫార్మెన్స్ ఇండికేటర్) పాయింట్ల పద్ధతి వచ్చింది. పేపరుకు ఇన్ని, సెమినార్‌కు ఇన్ని అని పాయింట్లు పెట్టారు. పాయింట్లు కావలసినవాళ్లు పెరిగారు, డబ్బు తీసుకుని వారాల్లో పేపరు వేసే నకిలీ జర్నళ్లు పుట్టుకొచ్చాయి. వాటిని ఏరివేయడానికి 2018లో యూజీసీ కేర్ జాబితా పెట్టింది. ఏ జర్నల్ ఉంది, ఏది తీశారన్న టెన్షన్ పరిశోధక విద్యార్థులకు అదనంగా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను ఆపేసి, జర్నల్ నాణ్యతను తేల్చుకునే బాధ్యతను విద్యాసంస్థలకే వదిలేశారు. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందు పేపరు ప్రచురించి తీరాలన్న షరతును 2022 నిబంధనల్లోనే తొలగించారు.

ఇది భారత్‌కు పరిమితమైన సమస్య కాదు. 2023లో ప్రపంచవ్యాప్తంగా 10,000కు పైగా పేపర్లను ఉపసంహరించారు. అందులో 8,000కు పైగా ఒక్క హిందావీ ప్రచురణ సంస్థవే. సైటేషన్లను కొనడం, ఒకరినొకరు ప్రస్తావించుకునే ముఠాలు కట్టడం కూడా బయటపడ్డాయి. దీని దెబ్బ ముందుగా తగిలింది గణితానికి. అక్కడ సగటు చాలా తక్కువ కాబట్టి కొద్దిమంది కలిసి ప్రస్తావించుకుంటే చాలు, పేపరు శిఖరానికి చేరుతుంది. అత్యధిక సైటేషన్లు పొందిన పరిశోధకుల వార్షిక జాబితా వేసే క్లారివేట్ సంస్థ 2023లో గణితం విభాగాన్నే పక్కన పెట్టేసింది. చిన్న రంగాన్ని సరిచేయడానికి వాడే భాగహారమే అక్కడ మోసాన్ని సులువు చేసింది.

మారుతున్న తీరు, మారని ఒత్తిడి

2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన డోరా ప్రకటన, జర్నల్ అంకెతో మనిషిని కొలవవద్దని కోరింది. 2015 నాటి లైడెన్ మేనిఫెస్టో పది సూత్రాల్లో, అంకెలు నిపుణుల తీర్పుకు తోడుగా ఉండాలని, రంగాన్ని బట్టి కొలత మారాలని, స్థానికంగా ప్రాధాన్యమున్న పరిశోధనను కాపాడాలని ఉంది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ యూనివర్సిటీ 2021లో నియామకాల్లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను చూడటం మానేస్తామని ప్రకటించింది. దరఖాస్తులో పొడవైన పేపర్ల పట్టిక బదులు, తాము చేసిన పనుల్లో మేలైనవి కొద్ది ఎంచుకుని వాటి గురించి రాయమని అడిగే పద్ధతి యూరప్‌లో పెరుగుతోంది.

మన దగ్గర ఇది అంత తేలిగ్గా రాదు. ఒక పోస్టుకు వందల దరఖాస్తులు వచ్చినప్పుడు చదివి తీర్పు చెప్పడానికి సమయం, నిపుణులు కావాలి. తీర్పు అంటే పక్షపాతం వస్తుందన్న భయం కూడా నిజమైనదే. పాయింట్ల పద్ధతికి అంత ఆదరణ దొరకడానికి కారణం, సిఫారసుల కన్నా అంకె న్యాయంగా ఉంటుందన్న నమ్మకం. దానికి తోడు విద్యాసంస్థలకు కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పరిశోధనకు పెద్ద వెయిటేజీ ఉంది, అందులో పేపర్లు, సైటేషన్ల సంఖ్య కీలకం. ర్యాంకు మీద అడ్మిషన్లు ఆధారపడిన ప్రైవేటు వర్సిటీలు పేపరుకు ఇంతని నగదు ప్రోత్సాహకాలు ఇస్తున్నాయి. ఈ పరిస్థితిలో అంకెలు పోవు. వాటిని వాడే తీరును మార్చడం మాత్రం యూనివర్సిటీల చేతిలోనే ఉంది. శాఖల మధ్య ఒకే కటాఫ్ పెట్టకుండా ఉపరంగం లోపలే పోల్చడం, జీవితకాలపు అంకెకు బదులు అభ్యర్థి ఎంచిన మూడు నాలుగు పేపర్లను బయటి నిపుణులతో చదివించడం, తెలుగులో వచ్చిన గ్రంథాలను ఆ రంగం పండితులతో మూల్యాంకనం చేయించడం, ఇవన్నీ ఏ వర్సిటీ అయినా తన స్థాయిలో మొదలుపెట్టగలిగినవే. తెలుగు పరిశోధన పత్రికల పాత సంచికలను, వాటి రిఫరెన్సులతో సహా డిజిటల్ సూచికలోకి ఎక్కించే పని కూడా ఉంది. అది జరిగితే ఏ తెలుగు పండితుడి పని మీద ఎవరెవరు ఆధారపడ్డారో, ఇప్పుడు నోటిమాటగా తెలిసిన ఆ వరస, వెతికి చూసుకునే వీలుంటుంది.